పక్షుల ఫోటోల కోసం పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

గుంటూరు నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 46 వేలు. మావారి షాపు మీద నెలకు సుమారు 25 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 48 వేలు. 2 లక్షల చీటీకి నెలకు 10 వేలు కడుతున్నాం. అది వచ్చే జూన్‌లో బాబు ఇంటర్ ఫీజు కోసం. బ్యాంకులో లక్షన్నర ఎఫ్‌డీ ఉంది. మూడేళ్లుగా ఆదివారాలు దగ్గర్లోని ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి వెళ్లి ఫోటోలు తీస్తున్నాను. నా దగ్గర కెనాన్ క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, 55-250 ఎంఎం జూమ్ లెన్స్ ఉన్నాయి. కొత్త మిర్రర్‌లెస్ బాడీ (లెన్స్ లేని కెమెరా), దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే పెద్ద టెలిఫోటో లెన్స్ కలిపి షాపులో 3.4 లక్షలు చెప్పారు. ఎఫ్‌డీలోంచి 90 వేలు తీసి, మిగతా రెండున్నర లక్షలకు లోన్ పెడదామనుకుంటున్నాను. లేదంటే చీటీ పాడనా? ఇంట్లో అందరూ ఇది దండగ ఖర్చు అంటున్నారు.

అమ్మా, ముందు చివరి మాటకు జవాబు చెప్తాను. ఇది దండగ ఖర్చు కాదు. మూడేళ్లపాటు ఆదివారం తెల్లవారుజామునే లేచి చెరువుగట్టుకు వెళ్తున్నారంటే అది మోజు కాదు, మీ జీవితంలో ఒక భాగం. దానికి డబ్బు కేటాయించడం న్యాయమే. నా అభ్యంతరం అప్పు మీద, కొనే వరుస మీద.

రెండున్నర లక్షలకు 14 శాతం వడ్డీతో మూడేళ్ల లోన్ తీసుకుంటే నెలకు సుమారు 8,545 కట్టాలి. మొత్తం కట్టేది 3.07 లక్షలు దాటుతుంది, అంటే వడ్డీకే 57 వేలకు పైగా పోతుంది. ఆ డబ్బు దాదాపు ఇంకో లెన్స్ ఖరీదు. ఇంకా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఎఫ్‌డీ. మీ లక్షన్నర సుమారు మూడు నెలల ఇంటి ఖర్చు. షాపు ఆదాయం ప్రతి నెలా ఒకేలా ఉండదు. అందులోంచి 90 వేలు తీసేస్తే మిగిలేది నెల రోజుల ఖర్చుకు కాస్త ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మళ్లీ అప్పుకే వెళ్లాలి. ఎఫ్‌డీని ముట్టుకోవద్దు.

చీటీ కూడా వద్దు. మొదట్లోనే పాడాలంటే బాగా తగ్గించి పాడాలి. 50 వేలు తగ్గించి పాడారనుకోండి, చేతికి వచ్చేది లక్షన్నర. ఆ 50 వేలలోంచే నిర్వాహకుడి కమిషన్ పోయి, మిగిలింది అందరికీ డివిడెండ్‌గా పంచుతారు. అందులో మీ వాటా కొంచెమే. పైగా అది బాబు ఫీజు డబ్బు. ఇంకొక్క మాట, ఆ చీటీ రిజిస్టర్ అయిందో లేదో కనుక్కోండి. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడపకూడదు. నోటి మాట మీద నడిచే చీటీలో ఫీజు డబ్బు పెట్టడం నాకు భయంగా ఉంటుంది.

షాపువాళ్లు నో-కాస్ట్ ఈఎంఐ అంటారు. సున్నా వడ్డీ అనేది నిజానికి ఉండదని ఆర్‌బీఐ 2013లోనే చెప్పింది. వడ్డీ ప్రాసెసింగ్ ఫీజులోనో, మీకు రాకుండా పోయిన డిస్కౌంట్‌లోనో దాక్కుని ఉంటుంది. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది.

ఇక అసలు సంగతి. మీకు ఇప్పుడు కావాల్సింది కొత్త బాడీ కాదు, లెన్స్. క్రాప్ సెన్సర్ మీద 1.6 లెక్కన మీ 250 ఎంఎం, పెద్ద సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్) మీద 400 ఎంఎం లెన్స్ ఇచ్చేంత చూపునిస్తుంది. ఉప్పలపాడులో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు చెరువు మధ్య చెట్ల మీద, వాటి కోసం పెట్టిన ఇనుప స్టాండ్ల మీద కూర్చుంటాయి. అక్కడ గుంపుల ఫోటోకి ఇది సరిపోతుంది. గూట్లో పిల్ల తల్లి గొంతు సంచిలో ముక్కు పెట్టే క్షణం కావాలన్నా, లకుముకి పిట్ట కన్నులో వెలుగు కావాలన్నా చాలదు. 600 ఎంఎం పెడితే అదే పక్షి ఫ్రేములో 2.4 రెట్లు పెద్దగా వస్తుంది. ఏ కొత్త బాడీ ఒక్కటే ఆ తేడా తీసుకురాదు.

సిగ్మా 150-600 కాంటెంపరరీ, టామ్రాన్ 150-600 జీ2 లెన్సులు రెండూ మీ కెనాన్ మౌంట్‌లో, అంటే మీ కెమెరాకు బిగేలా, దొరికేవే. పదేళ్లుగా వాడుకలో ఉన్నాయి కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో వెతకొచ్చు. 70 వేలు గరిష్ఠంగా పెట్టుకోండి. రేపు మిర్రర్‌లెస్‌కు మారినా అడాప్టర్‌తో ఇదే లెన్స్ వాడుకోవచ్చు, అందుకే ఈ డబ్బు వృథా కాదు. బాడీలకు కొత్త మోడల్ రాగానే ధర పడిపోతుంది, మంచి లెన్స్ ధర నెమ్మదిగా తగ్గుతుంది. 600 దగ్గర ఎపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) 6.3, అంటే చిన్నదే, కాబట్టి తెల్లవారుజామున వెలుగు చాలక ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచాల్సి వస్తుంది, ఫోటోలో కొంచెం నాయిస్ (చుక్కలు) వస్తుంది. దాన్ని ఒప్పుకోండి. బరువు దాదాపు రెండు కిలోలు, కాబట్టి మోనోపాడ్‌కి (ఒంటికాలి స్టాండు) ఇంకో రెండు మూడు వేలు ఉంచుకోండి.

డబ్బు ఎలా? ఈఎంఐకి సిద్ధపడిన ఆ 8,500నే ఈ మే నుంచి బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. డిసెంబరుకు 8 వాయిదాలు, 68 వేలు అవుతాయి. 6.5 శాతం వడ్డీ అనుకుంటే ఇంకో 1,650 దాకా కలుస్తుంది. సంక్రాంతికి ముందే చేతికొస్తుంది, అప్పటికి ఉప్పలపాడులో గూళ్లు నిండుగానే ఉంటాయి. నెలకు మీకు మిగిలే 13 వేలలో ఇది పోను 4,500 ఇంకా ఉంటాయి.

కొనే ముందు ఒక ఆదివారం ఆ లెన్స్ అద్దెకు తీసుకోండి. విజయవాడ, గుంటూరుల్లో పెళ్లి ఫోటోలు తీసేవాళ్లని అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెప్తారు. రెండు కిలోలు మూడు గంటలు పట్టుకున్నాక మీకే తెలుస్తుంది. కొల్లేరులోని ఆటపాక పక్షుల కేంద్రంలో పడవ మీద నుంచి తీయాలనుకుంటే ఆ ఊగుడులో కూడా ఒకసారి చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ అయితే లెన్స్ లోపలికి టార్చి వేసి చూడండి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే ఫంగస్ పట్టినట్టే, వదిలేయండి. మన తేమకు ఇది మామూలే, మీరు కొన్నాక కూడా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పెట్టి దాచుకోవాలి. అసలు బిల్లు లేకుండా కొనొద్దు. కొన్నేళ్ల కిందట తక్కువకు వస్తుందని ఒక దుకాణంలో బిల్లు లేని లెన్స్ కొన్నాను. ఆరు నెలలకే ఫోకస్ మోటారు పోయింది. వారంటీ లేదు, రిపేరుకు అడిగినది లెన్స్ ధరలో సగం. ఆ డబ్బు గుర్తొస్తే ఇప్పటికీ బాధే.

ఫిబ్రవరి నుంచి అదే 8,500ను బాడీ కోసం కొనసాగించండి. ఈలోగా జూన్‌లో బాబు ఫీజుకి చీటీ డబ్బు చాలకపోతే, ముందు ఆ లోటు పూడ్చి ఆ తర్వాతే బాడీ సంగతి చూడండి.