సినిమా చూపించని దారి: మోటారుసైకిల్ యాత్రకు వస్తున్న మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

డల్లాస్ నుంచి మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్టోబరులో లాస్ ఏంజెలెస్ నుంచి న్యూ ఆర్లీన్స్ దాకా, ‘ఈజీ రైడర్’ సినిమా సాగిన దారిలో గైడు వెంట వెళ్లే బృందంలో చేరుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆమె గొంతులో భయం ఎంత ఉందో, నీ గురించిన గర్వమూ అంతే ఉంది. ఆ దారిన నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి 2014లో, రెండోసారి ఆ సినిమాకు యాభై ఏళ్లు నిండిన 2019లో. అందుకే నువ్వు అడగకపోయినా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇద్దరు మిత్రులు మోటారుసైకిళ్ల మీద లాస్ ఏంజెలెస్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కు బయలుదేరే కథ అది. 1969లో విడుదలైన ఆ సినిమా గంటన్నర పైచిలుకులో అయిపోతుంది. దారి మాత్రం దాదాపు 2,400 మైళ్లు, అంటే మన లెక్కన 3,900 కిలోమీటర్లకు దగ్గర. ఎడిటింగు బల్ల మీద కత్తిరించి పారేసిన ఎండ, గాలి, నడుము నొప్పి, పెట్రోలు బంకులు, ఏమీ కనిపించని వందల మైళ్ల బయలు, ఇవన్నీ నీ వంతుకు వస్తాయి. నా సలహాలలో ఎక్కువ భాగం వాటి గురించే.

ముందు కాగితాల సంగతి. విజయవాడలో మీ ఆర్టీఓ కార్యాలయంలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకో. అది ఏడాదిపాటే చెల్లుతుంది కనుక మరీ ముందుగా తీసుకోవద్దు. అందులో గేర్లున్న మోటారుసైకిల్ తరగతి ఉన్నదో లేదో కౌంటరు దగ్గరే చూసుకో, అసలు లైసెన్సును కూడా వెంట తెచ్చుకో. ప్రయాణ బీమా పాలసీని కడదాకా చదువు. చాలా పాలసీలు పెద్ద ఇంజను మోటారుసైకిల్ నడుపుతుండగా తగిలిన దెబ్బలకు వైద్య ఖర్చు ఇవ్వవని ఎక్కడో చిన్న అక్షరాలలో రాసి ఉంటుంది. యాత్ర సంస్థ బండికి చేయించే బీమా వేరు, నీ ఒంటికి చేయించుకునే బీమా వేరు. బండి పడిపోతే నీ డిపాజిట్ నుంచి ఎంత వరకు పట్టుకుంటారో, ఎదుటివారికి నష్టం జరిగితే ఎవరు ఎంత వరకు భరిస్తారో రాతపూర్వకంగా అడిగి తెలుసుకో. అమెరికాలో ఆసుపత్రి బిల్లు ఎలా ఉంటుందో మీ అమ్మకు చెప్పవద్దు, నీకు మాత్రం తెలిసి ఉండాలి.

ఇక బండి. సినిమాలో పీటర్ ఫోండా, డెన్నిస్ హాపర్ నడిపిన చాపర్లు, అంటే ముందు ఫోర్కు పొడవుగా సాగదీసిన బళ్లు, పోలీసు శాఖ వేలంలో కొన్న పాత హార్లే-డేవిడ్‌సన్ బళ్లకు కొత్త రూపం ఇచ్చి చేసినవి. వాటిని తయారు చేసినవారిలో ముఖ్యులైన క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అనే ఇద్దరు నల్లజాతివారి పేర్లు చాలా ఏళ్లపాటు ఎవరూ చెప్పనేలేదు. అమెరికా జెండా రంగులు వేసిన ఫోండా బండికి ముందు బ్రేకు లేదు, వెనుక సస్పెన్షన్ లేదు, పెట్రోలు టాంకు కొబ్బరిబోండాం అంత. చూడటానికి అది అందమైన బండే గాని, రోజుకు మూడు వందల మైళ్లు నడిపితే వెన్నుపూస లెక్క అప్పజెబుతుంది. నీకు ఇవ్వబోయేది 350 కిలోలకు పైబడిన పెద్ద టూరింగ్ హార్లే. నీ బుల్లెట్ 190 కిలోల బండి. పరిగెత్తేటప్పుడు ఆ తేడా తెలియదు. పార్కింగులో, గులకరాళ్ల మీద, నడక వేగంలో మలుపు తిరిగేటప్పుడు తెలుస్తుంది. రావడానికి ముందు అక్కడే ఎవరి దగ్గరైనా బరువైన బండి దొరికితే ఖాళీ మైదానంలో నెమ్మదిగా ఎనిమిది అంకె తిప్పడం సాధన చెయ్యి. హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఉండగా ముందు బ్రేకు పట్టడమే ఈ బళ్లను కింద పడేసే మొదటి తప్పు. ఒకసారి వాలిపోయిన బండిని బలవంతంగా ఆపబోతే నడుము పోతుంది. బండిని పడనిచ్చి, నువ్వు పక్కకు తప్పుకో.

నేను కాలేజీ రోజుల్లో నడిపిన పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. ఇక్కడికి వచ్చిన కొత్తలో కంగారు పడ్డప్పుడల్లా నా ఎడమకాలు బ్రేకు అనుకొని గేరునే తొక్కేది. నీకు ఆ బాధ లేదు గాని, కుడివైపున నడపడం అనే మరో బాధ ఉంది. అందరూ అనుకునేటట్లు రద్దీలో పొరపాటు జరగదు, ఎందుకంటే ముందున్న వాహనాలే దారి చూపిస్తాయి. తెల్లవారుజామున ఒక్క వాహనమూ లేని ఊళ్లో పెట్రోలు పోయించుకుని రోడ్డెక్కే క్షణంలోనే చెయ్యి తనంతట తాను ఎడమవైపుకు తిప్పుతుంది. నేను హ్యాండిల్ మీద కుడివైపు ఎర్ర దారం కట్టుకుని, బంకు నుంచి కదిలే ప్రతిసారీ దాన్ని చూసేవాణ్ణి. చూసినవాళ్లు తోరం అనుకున్నారు, అనుకోనిచ్చాను.

గైడు వెంట వెళ్లడం అంటే చాలామంది దారి చూపించే మనిషి ఒకడు ఉంటాడనుకుంటారు. నిజానికి ముందు నడిచే గైడు కంటే అందరికంటే వెనుక వచ్చేవాడే ముఖ్యుడు. ఎవరు ఆగినా అతను ఆగుతాడు. సామాను, నీళ్లు, కొన్నిచోట్ల అదనపు బండి వ్యానులో వస్తాయి. తిన్నని రోడ్డు మీద ఒకరు తమ లేన్‌లో ఎడమ అంచున, తరువాతివారు కుడి అంచున ఉంటూ, తమకు నేరుగా ముందున్న బండికి రెండు సెకన్ల దూరం పాటిస్తారు. మలుపులలో మాత్రం ఒకరి వెనుక ఒకరు. దారి మళ్లే చోట వెనుకవాడు కనిపించేదాకా ముందువాడు ఆగాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే ఎవరూ తప్పిపోరు. వెనుకబడ్డానని వేగం పెంచి అందుకోవాలని చూడకు. ముందువాడి వేగం అతనిది, నీ వేగం నీది. నా మొదటి యాత్రలో ఒక పెద్దమనిషి అలా అందుకోబోయి మలుపులో గులకల మీదికి వెళ్లాడు. చెయ్యి విరిగింది, మిగిలిన యాత్రంతా వ్యానులో కూర్చుని చూశాడు. బృందం పెట్రోలుకు ఆగినప్పుడు నీ టాంకు సగం నిండి ఉన్నా పోయించుకో. మన కార్డులు కొన్ని బంకుల దగ్గర ఇక్కడి పిన్‌కోడు అడిగి పనిచెయ్యవు, అప్పుడు లోపలికి వెళ్లి ముందుగా డబ్బు కట్టాలి.

కాలం సంగతి సినిమా నిన్ను బాగా మోసం చేస్తుంది. కథ ప్రకారం వాళ్లు న్యూ ఆర్లీన్స్‌లో జరిగే మార్డీ గ్రా పండుగకు వెళుతున్నారు, అంటే అది చలికాలం చివర. ఆ పండుగ భాగాన్ని 1968 ఫిబ్రవరిలో ముందే చిత్రీకరించి, దారి దృశ్యాలను తరువాత తీశారు. నిజంగా ఫిబ్రవరిలో ఆ దారిన వస్తే అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో మంచులో ఇరుక్కుంటావు. అక్టోబరు మంచి ఎంపిక. అయినా కొలరాడో నది ఒడ్డున నీడిల్స్‌లో మధ్యాహ్నం మన రెంటచింతల గుర్తుకు రావచ్చు, అదే సాయంత్రం సుమారు ఏడు వేల అడుగుల ఎత్తున ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్‌లో పళ్లు గడగడలాడవచ్చు. ఒకే రోజులో ఆరు వేల అడుగులకు పైగా ఎక్కుతావు కనుక పొరలు పొరలుగా బట్టలు పెట్టుకో. ఎడారిలో చొక్కా గుండీలు విప్పుకుని గాలి తగలనివ్వాలనిపిస్తుంది. గాలి ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు అది చల్లార్చదు, కాలుస్తుంది. బనియను తడిపి వేసుకుని, పైన జాకెట్ వేసుకో. అక్కడ చెమట పట్టినట్టే తెలియదు, పట్టిన వెంటనే ఆరిపోతుంది. అందుకని దాహం వేసేదాకా ఆగకుండా గంట గంటకూ నీళ్లు, మధ్యలో కాస్త ఉప్పు తీసుకో. హెల్మెట్టు కాలిఫోర్నియాలో, లూసియానాలో అందరికీ తప్పనిసరి. అరిజోనా, న్యూ మెక్సికోలలో పద్దెనిమిదేళ్లు నిండినవారికి చట్టం అడ్డు చెప్పదు. మీ మామయ్య చెబుతున్నాడు. రాష్ట్రం మారిందని తలకాయ మారదు.

కథానాయకుడు చేతి గడియారం విసిరేసిన చోటు బలరాట్. అది డెత్ వ్యాలీకి పడమర పానమింట్ లోయలో ఉన్న పాడుబడ్డ గని ఊరు. ప్రధాన రోడ్డు నుంచి మూడు మైళ్లకు పైగా గులకల దారి. మీ గైడు వద్దంటే బతిమాలకు. నీ గడియారాన్ని మాత్రం విసరకు, నాలుగు రోజులలో అవసరం పడుతుంది. అరిజోనా రాష్ట్రం వేసవిలో గడియారం ముందుకు జరపదు, అదే రాష్ట్రంలోని నవాహో నేషన్, అంటే నవాహో తెగవారి స్వపరిపాలన ప్రాంతం, జరుపుతుంది. అందుచేత అక్టోబరులో ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి నవాహో ఊరైన కయెంటా చేరేసరికి ఒక గంట మాయమై, హోటలు వంటశాల మూసేసి ఉంటుంది. నవాహో నేలపై మద్యం అమ్మడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ నిషేధం. మాన్యుమెంట్ వ్యాలీలో ఎర్రరాతి శిఖరాల నడుమ తిరిగే 17 మైళ్ల మట్టి దారిలోకి మోటారుసైకిళ్లను రానివ్వరు. నవాహో గైడుల వాహనం ఎక్కి వెళ్లు. అది నష్టం కాదు. ఆ రాళ్లకు వాళ్లు పెట్టుకున్న పేర్లు, వాటి వెనుక కథలు హ్యాండిల్ పట్టుకున్నవాడికి వినిపించవు.

సినిమాలో మిత్రులు రాత్రి మంట వేసుకుని కూర్చున్న శిథిలాలు ఫ్లాగ్‌స్టాఫ్‌కు ఉత్తరాన ఉన్న వుపాట్కి అనే చోటివి. అవి ప్యూబ్లో అనే స్థానిక అమెరికన్ తెగల పూర్వికులు దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందట కట్టుకున్న ఇళ్లు. ఇప్పుడు అక్కడ రాత్రి ఉండనివ్వరు, గోడలెక్కనివ్వరు; అది న్యాయం కూడా. న్యూ మెక్సికోలోని టావోస్ ప్యూబ్లో అనే ఊరు మరో సంగతి. మట్టితో అంతస్తుల మీద అంతస్తులుగా కట్టిన ఆ ఇళ్లలో ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్నారు. 1992లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన ఇంటి అరుగు మీద కూర్చున్న అమ్మమ్మను దారిన పోయేవాడు అడగకుండా ఫొటో తీస్తే మనకెలా ఉంటుందో తలచుకుని అక్కడ మసలుకో. సినిమాలోని హిప్పీల కాలనీ ఎక్కడని టావోస్‌లో వెతకకు. దానికి నమూనా ఆ చుట్టుపక్కలదే అయినా, సెట్టు వేసింది లాస్ ఏంజెలెస్ పక్కన మాలిబు కొండలలో. ఊరేగింపులో దూరినందుకు వాళ్లను జైల్లో పెట్టే ఊరు లాస్ వేగస్, కాని జూదశాలల లాస్ వేగస్ కాదు. న్యూ మెక్సికోలోనే ఆ పేరుతో పాత ఊరొకటి ఉంది. మీ నాన్నగారికి ఇది ముందే చెప్పి ఉంచు, లేకపోతే ఊరి పేరు విని వేరే రకంగా కంగారు పడతారు.

లూసియానాలో చూడటానికి ఏమీ ఉండదు, అయినా నాకు అదే ఎక్కువగా గుర్తుంది. మోర్గాంజాలో ఊరివాళ్లు హేళన చేసిన కాఫీ హోటలు ఇప్పుడు లేదు. ఆ సన్నివేశంలో కూర్చున్నవారు నటులు కారు, స్థానికులే. మిత్రులిద్దరినీ కాల్చి చంపే చివరి దృశ్యం అచాఫలాయా నది గట్టు వెంట, క్రాట్జ్ స్ప్రింగ్స్ సమీపాన తీశారు. అక్కడ రోడ్డు పక్క జాగా తక్కువ, లారీలు వేగంగా వస్తాయి. బండి దిగి సెల్ఫీలు తీసుకునే చోటు కాదు. గైడు సురక్షితంగా ఆపగలిగిన చోట రెండు నిమిషాలు ఇంజను ఆపి నిలబడు, చాలు. న్యూ ఆర్లీన్స్‌లో సినిమాలో కనిపించే సెయింట్ లూయీ మొదటి నంబరు శ్మశానంలోకి 2015 నుంచి అనుమతి పొందిన గైడు లేకుండా వెళ్లనివ్వరు. మీ కార్యక్రమంలో ఆ టికెట్టు ఉన్నదో లేదో ఇప్పుడే కనుక్కో.

చివరికి టెక్సస్ మిగిలింది. సినిమాలో అది లేనే లేదు. న్యూ మెక్సికో నుంచి కథ ఒక్క అంగలో లూసియానాలో పడుతుంది. నీకు మాత్రం అమరిల్లో నుంచి డల్లాస్ దాకా 365 మైళ్లు ఉన్నాయి. అడ్డగాలి బండిని పక్కకు తోస్తూనే ఉంటుంది, రోడ్డు వంగదు, కన్ను మూతపడుతుంది. మా రెండు యాత్రలలోనూ ఎక్కువమంది అలసిపోయింది కొండలలో కాదు, ఇక్కడే. ముందురోజు రాత్రి పెందలాడే పడుకో, యాభై మైళ్లకోసారి ఆగమని గైడును మొహమాటం లేకుండా అడుగు, మధ్యాహ్నం కడుపు నిండా తినకు. మీ బృందానికి డల్లాస్‌లో ఒక రోజు విశ్రాంతి ఉందని కార్యక్రమంలో చూశాను. ఆ ఉదయం అందరినీ మా ఇంటికి తీసుకురా. అమరిల్లో చేరిన రాత్రే ఫోను చెయ్యి. ఎన్ని సోలల పెసలు నానబెట్టాలో మీ అత్తయ్య ఇప్పటినుంచే అడుగుతోంది.

ఆశీస్సులతో,
మీ మామయ్య