కుమమోతో ఒడ్డు నుంచి కనిపించే షిమబర

నాగసాకి వెళ్తున్నాం, పక్కనే ఉన్న షిమబర ద్వీపకల్పానికి ఒక రోజు పెట్టొచ్చా, దాని చరిత్ర ఏమిటి అని అడిగారు. తప్పకుండా పెట్టండి, వీలైతే రెండు రోజులు. నేను కుమమోతోలో నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. అక్కడి పడమటి తీరాన నిలబడితే అరియాకె సముద్రానికి అవతల ఉంజెన్ కొండ కనిపిస్తుంది. షిమబరలో కాలు పెట్టకముందే దాని కథ నేను ఇవతలి ఒడ్డున విన్నాను.

మ్యాపులో చూడండి. షిమబర ద్వీపకల్పం క్యూషూ దీవికి పడమట, ఇసహాయ ఊరి వైపు సన్నని మెడలాంటి నేలతో అంటుకుని ఉంటుంది. మిగతా చుట్టూ సముద్రమే. మధ్యలో ఉంజెన్ అగ్నిపర్వతం, దాని వాలు మీద ఊళ్లు. అక్కడి నేల ఉత్తర దక్షిణాలకు సాగుతూ మధ్యలో కుంగుతోంది. కుంగిన చోటును లావా నింపుతూ వచ్చింది.

1792 మే 21న భూకంపానికి షిమబర ఊరి వెనకే ఉన్న మయుయామ కొండ ఒక పక్కంతా విరిగి సముద్రంలో పడింది. లేచిన ఉప్పెన సముద్రం దాటి కుమమోతో తీరాన్ని ఊడ్చేసి, తిరిగి వెళ్లి షిమబరనే మళ్లీ కొట్టింది. రెండు ఒడ్డుల్లో కలిపి సుమారు 15,000 మంది పోయారు. వాళ్లలో ఐదు వేల మంది దాకా ఇవతలి వాళ్లే. కుమమోతో పాత పేరు హిగో. అందుకే “షిమబర తైహెన్, హిగో మెయ్‌వకు” అన్న మాట మిగిలింది. షిమబరలో ప్రళయం, హిగోకు లేనిపోని చేటు అని దాని భావం. చనిపోయిన వాళ్ల కోసం నిలిపిన రాళ్లు కుమమోతో తీరంలో ఇప్పటికీ ఉన్నాయి. మాది దివిసీమ. 1977 ఉప్పెన గురించి ఇంట్లో వింటూ పెరిగాను. మొదటిసారి ఆ రాళ్ల ముందు నిలబడినప్పుడు నోట మాట రాలేదు.

కుమమోతో రేవు నుంచి వేగంగా వెళ్లే ఫెర్రీలో అరగంటే. చలికాలమైతే సీగల్ పక్షులు పడవ వెంటే వస్తాయి. షిమబర దగ్గర పడుతుండగా నీళ్లలో చెట్లు మొలిచిన చిన్న చిన్న దిబ్బలు కనిపిస్తాయి. అవన్నీ ఆనాడు విరిగిపడిన కొండ ముక్కలే. ఊళ్లో ఎటు చూసినా ఊటనీళ్లు, వీధి కాలవల్లో రంగు రంగుల చేపలు. ఆ ఊటల్లో చాలా వాటికి 1792 నాటి భూకంపాలే కారణమంటారు. ఆ చల్లటి నీళ్లలో ఉంచిన బియ్యప్పిండి ఉండల్ని తీపి పాకంలో వేసి ఇస్తారు, కన్‌జరషి అంటారు. మన చిన్న ఉండ్రాళ్లలా ఉంటాయి. తప్పక తినండి.

ఉంజెన్ అగ్నిపర్వతం 1990 నవంబరులో మళ్లీ రగిలింది. 1991 జూన్ 3న లావా గుట్ట కూలి, కాలే రాళ్లు, బూడిద, వాయువులు ఒక్కసారిగా లోయలోకి దూకాయి. 43 మంది చనిపోయారు. ఫొటోల కోసం ఖాళీ చేయించిన ప్రాంతంలోనే ఉండిపోయిన విలేకరులు, వాళ్లను తెచ్చిన టాక్సీ డ్రైవర్లు, ఊరి అగ్నిమాపక దళం వాళ్లు, క్రాఫ్ట్ దంపతులు, గ్లికెన్ అనే ముగ్గురు అగ్నిపర్వత శాస్త్రవేత్తలు కూడా వాళ్లలో ఉన్నారు. ఆ ఊరి అగ్నిమాపక దళం వాళ్లను తలుచుకుంటేనే నాకు ఎక్కువ బాధ. మేం దిగిన సత్రం నడిపే పెద్దావిడ, ఆ రోజుల్లో బూడిద కమ్మితే పట్టపగలే కార్లకు లైట్లు వేసుకునేవాళ్లం అని చెప్పింది. మిజునషి అంటే నీళ్లు లేనిది. ఆ పేరున్న ఏరు వెంబడే బురద వచ్చి ఇళ్లను కప్పుల దాకా పూడ్చేసింది. కొన్నింటిని అలాగే ఉంచారు, చూడొచ్చు. అప్పుడు పుట్టిన హెయ్‌సెయ్ షిన్‌జాన్ శిఖరం ఎత్తు 1,483 మీటర్లు. దాని మీదికి ఎక్కనివ్వరు కానీ పక్కనున్న ఫుగెన్ శిఖరం దాకా దారి ఉంది.

రెండో రోజు దక్షిణాన హర కోటకు వెళ్లండి. షిమబరలో ఇవాళ మీరు చూసే తెల్ల కోట 1964లో తిరిగి కట్టినది. అసలు కోటను కట్టించిన మత్సుకుర వంశం, శిస్తుల కోసం రైతుల్ని పీల్చి పిప్పిచేసింది. క్రైస్తవుల్ని ఉంజెన్ వేడినీటి గుంటల దగ్గర హింసించింది. ఆ గుంటల పేరు జిగోకు, అంటే నరకం. 1637 చివర్లో రైతులు తిరగబడి, పాడుబడిన హర కోటలో చేరారు. నాయకుడు అమకుస షిరోకు పదహారేళ్లు. లక్షకు పైగా సైన్యం చుట్టుముట్టింది. 1638 వసంతంలో కోట పడింది. లోపలున్న వాళ్లు 37,000 మంది అని వాడుకలో ఉన్న లెక్క. దాదాపు అందర్నీ చంపేశారు. తర్వాత ఆ మత్సుకుర వంశపు ప్రభువుకీ తల తీశారు.

ద్వీపకల్పపు దక్షిణ భాగంలో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. సాగు కోసం ఇతర ప్రాంతాల నుంచి జనాన్ని తెచ్చి నింపారు. ఆ ఊళ్లు ఇప్పుడు సోమెన్‌కు పేరు, అంటే మన సేమ్యాలా సన్నటి గోధుమ నూడుల్స్. షోదో దీవి నుంచి వచ్చిన వాళ్లే ఆ పని తెచ్చారని అక్కడ చెప్పుకుంటారు.

హర కోటలో కట్టడాలేమీ మిగల్లేదు. రాతి గోడల మొదళ్లు, గడ్డి, కింద సముద్రం, అంతే. తవ్వకాల్లో ఎముకలతో పాటు తుపాకి గుండ్లను కరిగించి చేసుకున్న చిన్న సీసపు శిలువలు దొరికాయి. సాయంత్రం వెళ్లండి, అప్పుడు జనం ఉండరు. ఆ గట్టు మీద నుంచి అమకుస దీవులు కనిపిస్తాయి. ఆ కుర్రాడు వచ్చింది అటునుంచే.