ఆర్చర్డ్ రోడ్ దగ్గర పాతకాలపు హోటల్ అంటే నేను గుడ్‌వుడ్ పార్క్ అనే చెబుతాను

సింగపూర్‌లో ఆర్చర్డ్ రోడ్ షాపింగ్‌కి దగ్గరగా, చరిత్ర ఉన్న లగ్జరీ హోటల్ కావాలి, రాఫెల్స్, ఫుల్లర్టన్, గుడ్‌వుడ్ పార్క్‌లలో ఏది తీసుకోవాలో తేలడం లేదు, వెంట అమ్మానాన్నలు వస్తున్నారు, ప్రయాణం వైజాగ్ నుంచే అని రాశారు. మేమూ వైజాగ్ వాళ్లమే, ఉండేది ఎంవీపీ కాలనీలో. మా మామగారు పోర్టులో రిటైరైన ఏడాదే షష్టిపూర్తి కూడా రావడంతో ఆయన్నీ అత్తగారినీ సింగపూర్ తీసుకెళ్లాం. గుడ్‌వుడ్ పార్క్‌లో దిగాం, మిగతా రెండు హోటళ్లకీ వెళ్లి తీరిగ్గా చూసొచ్చాం. పెద్దవాళ్లు వెంట ఉండి, షాపింగ్ ఆర్చర్డ్ రోడ్‌లోనే అయితే, తడుముకోకుండా గుడ్‌వుడ్ పార్క్ తీసుకోమంటాను.

ముందు దూరం సంగతి. మీరు రాసిన మూడింటిలో ఆర్చర్డ్ రోడ్‌కి హాయిగా నడిచి వెళ్లగలిగేది ఇదొక్కటే. హోటల్ ఉన్నది స్కాట్స్ రోడ్‌లో. గేటు దాటి ఫార్ ఈస్ట్ ప్లాజా మీదుగా ఓ పది నిమిషాలు నడిస్తే ఆర్చర్డ్ రోడ్ కూడలి వచ్చేస్తుంది. మూల మీద టాంగ్స్ అనే పెద్ద షాపు, రోడ్డుకి అవతల అయాన్ ఆర్చర్డ్ మాల్. సాయంత్రం పూట సిరిపురం నుంచి వీఐపీ రోడ్‌లో షాపులు చూసుకుంటూ నడిచే అలవాటున్నవాళ్లకి ఇదేం దూరం కాదు. పైగా ఆ కూడలిలో రోడ్డు దాటడానికి కిందనుంచి దారులున్నాయి, ట్రాఫిక్‌తో టెన్షన్ లేదు.

రాఫెల్స్‌కి మెట్రోలో సిటీ హాల్ స్టేషన్ దగ్గర, అక్కణ్నుంచి ఆర్చర్డ్ మూడో స్టేషన్. ఫుల్లర్టన్‌కి దగ్గరున్న స్టేషన్ పేరు రాఫెల్స్ ప్లేస్, అక్కణ్నుంచైతే ఆర్చర్డ్ నాలుగోది. ఈ పేరు చూసి రాఫెల్స్ హోటల్ అక్కడే ఉందనుకునే ప్రమాదం ఉంది, గుర్తుపెట్టుకోండి. వయసులో ఉన్నవాళ్లకి మూడు నాలుగు స్టేషన్లు లెక్కలోకి రావు. పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు తేడా మధ్యాహ్నం తెలుస్తుంది. మా అత్తగారు ఒంటిగంట అయ్యేసరికి "ఇంక నావల్ల కాదమ్మా, కాసేపు నడుం వాల్చాలి" అనేవారు. హోటల్ దగ్గరే కాబట్టి వెళ్లి సంచులు గదిలో పడేసి, ఓ నిద్ర తీసి, టీ తాగి మళ్లీ ఐదింటికి ఉత్సాహంగా బయల్దేరేవారు. అదే మెట్రో ఎక్కి వెళ్లి రావాల్సి వస్తే మధ్యాహ్నం తర్వాత ఆవిడ గది కదిలేవారు కాదు. ఆవిడ కోసం మేమూ కదిలేవాళ్లం కాదు.

ఇక చరిత్ర. ఈ విషయంలో రాఫెల్స్‌కున్న పేరు గుడ్‌వుడ్‌కి లేదు కానీ, కథ మాత్రం తక్కువేం కాదు. 1900లో సింగపూర్‌లోని జర్మన్లు తమ కోసం కట్టుకున్న ట్యుటోనియా క్లబ్ అది. రాఫెల్స్ ప్రధాన భవనానికి 1899లో ప్లాన్ వేసిన బిడ్‌వెల్ అనే ఆర్కిటెక్టే దీనికీ వేశాడు. మొదటి ప్రపంచయుద్ధం రావడంతో బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని శత్రువుల ఆస్తి కింద స్వాధీనం చేసుకుంది. 1918లో వేలం వేస్తే మనాసే సోదరులు పాడుకుని గుడ్‌వుడ్ హాల్ అని పేరు పెట్టారు. 1929లో హోటల్ అయింది. రెండో యుద్ధంలో జపాన్ సైన్యాధికారులు అందులో ఉన్నారు, వాళ్లు ఓడిపోయాక యుద్ధనేరాల విచారణ కూడా ఆ ఆవరణలోనే జరిగింది.

ఈ చివరి సంగతి తెలిశాక మా మామగారు హోటల్ పాత టవర్ ముందు చాలాసేపు నిలబడిపోయారు. సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది 1942 ఫిబ్రవరి 15న. ఆ తర్వాత రెండు నెలలైనా తిరక్కుండానే, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు మన వైజాగ్ హార్బర్ మీద బాంబులు వేశాయి. అప్పటికి మామగారి నాన్నగారు చిన్నపిల్లాడు. ఊరు ఊరంతా సామాన్లు నెత్తిన పెట్టుకుని పల్లెలకి పరుగెత్తిన కథ ఆయన చెబుతుంటే వింటూ పెరిగారు మామగారు. "ఆ బాంబులు వేయించినవాళ్ల మనుషులు ఇక్కడే కూర్చుని భోజనాలు చేశారన్నమాట" అన్నారు. తర్వాత మా పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం కథ మొదట్నుంచీ చెప్పారు. ఎంత ఖరీదైన కొత్త హోటల్లో దిగినా ఆ మాటలు మా ఇంట్లో వచ్చి ఉండేవి కావు. పాత హోటల్‌కి డబ్బు పెట్టడం దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించకపోవడానికి ఇదే కారణం.

అయితే ఒక్క విషయం బుకింగ్‌కి ముందే చూసుకోవాలి. గుడ్‌వుడ్ పార్క్ ఒకే భవనం కాదు, కొంచెం ఎత్తు మీద విశాలమైన ఆవరణలో ఉన్న కొన్ని బ్లాకులు. 1989లో జాతీయ కట్టడంగా ప్రకటించింది మీరు ఫొటోల్లో చూసే ఆ కోణాకారపు కప్పున్న టవర్ భాగాన్ని. మిగతా బ్లాకులు తర్వాత వచ్చినవి. బుకింగ్ సైట్‌లో టవర్ ఫొటో చూసి డబ్బు కట్టేస్తే, గది ఇంకో బ్లాకులో రావచ్చు. కాబట్టి హోటల్‌కి నేరుగా మెయిల్ పెట్టండి. గది ఏ బ్లాకులో ఇస్తారు, లాబీ నుంచి ఎంత దూరం, మధ్యలో మెట్లున్నాయా, లిఫ్ట్ ఉందా, స్నానానికి టబ్‌లోకి ఎక్కి దిగాలా లేక నేల మీదే షవర్ ఉందా, మేం ఉండే రోజుల్లో ఏవైనా మరమ్మతులు జరుగుతుంటాయా, ఇవన్నీ అడగండి. ఇది ఏ పాత హోటల్‌కైనా వర్తిస్తుంది. టబ్ సంగతి మాత్రం మరిచిపోవద్దు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి తడి టబ్ గోడ దాటడం ఎంత కష్టమో మా అత్తగారిని చూస్తే తెలుస్తుంది. మేం అడిగి నేల మీద షవర్ ఉన్న గది తీసుకున్నాం.

ఫుల్లర్టన్ గురించి కూడా ఇలాంటి మాటే. 1928లో జనరల్ పోస్టాఫీసు, ప్రభుత్వ ఆఫీసుల కోసం కట్టిన భవనం అది, హోటల్‌గా తెరిచింది 2001లో. ఆఫీసు భవనం కాబట్టి కొన్ని గదుల కిటికీలు నది వైపు కాకుండా లోపలి హాలు వైపు తెరుచుకుంటాయి. కోర్ట్‌యార్డ్ రూమ్ అని రాసి ఉంటే అదే. రేటు తక్కువని అది తీసుకుంటే బయటి ఆకాశం కనిపించదు, నదీ కనిపించదు. మీ నాన్నగారికి ఓడలన్నా సముద్రమన్నా ఇష్టమైతే మాత్రం ఓ సాయంత్రం అక్కడికి తీసుకెళ్లండి. 1958 నుంచి 1979 దాకా ఆ భవనం పైన ఓడలకి దారి చూపే లైట్‌హౌస్ దీపం ఉండేది. పోర్టులో ఉన్నన్నాళ్లూ డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ చూస్తూ గడిపిన మామగారు, ఊరి నడిబొడ్డున పోస్టాఫీసు నెత్తి మీద లైట్‌హౌస్ ఏమిటని తెగ ఆశ్చర్యపోయారు. ఆ భవనం ఒకప్పుడు నీటి అంచునే ఉండేదని, ముందున్నదంతా తర్వాత సముద్రాన్ని పూడ్చి చేసిన నేల అని తెలిశాక గానీ ఆయనకి మనసు కుదుటపడలేదు.

రాఫెల్స్‌దీ అదే కథ. అది బీచ్ రోడ్‌లో ఉంది కదా, కిటికీ తెరిస్తే మన ఆర్కే బీచ్‌లా అలలు కనిపిస్తాయని అమ్మగారికి చెప్పకండి. సముద్రం ఎప్పుడో దూరం జరిగిపోయింది. 1887లో ఆర్మేనియన్ సోదరులు సార్కీస్‌లు ఒక బంగళాలో మొదలుపెట్టిన హోటల్ అది, పెద్ద మరమ్మతుల తర్వాత 2019లో మళ్లీ తెరిచారు. అందులో మామూలు గదులుండవు, అన్నీ సూట్లే, రేటు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. షాపింగ్ కోసం పొద్దున్న వెళ్లి రాత్రికి వచ్చేవాళ్లు ఆ డబ్బు కట్టడంలో అర్థం లేదు. అక్కడ బస చేస్తే రెండు రోజులు ఆ వరండాల్లోనే గడపాలి. దానికి బదులు అందులోని టిఫిన్ రూమ్ అనే రెస్టారెంట్‌లో ఒక పూట భోజనం పెట్టుకోండి. ఉత్తరాది వంటలు కాబట్టి పెద్దవాళ్లకి ఇబ్బంది ఉండదు. టేబుల్ ముందే బుక్ చేసుకుని, ఏ బట్టలతో రావాలో కూడా అడగండి.

ఆర్చర్డ్ కూడలిలోనే పగోడా కప్పుతో ఒక పెద్ద హోటల్ కనిపిస్తుంది, మారియట్. చూడ్డానికి పాతదానిలా ఉంటుంది కానీ కట్టింది 1982లో. మంచి చోట ఉంది, కానీ మీరడిగిన చరిత్ర అందులో లేదు.

రేట్లు పోల్చేటప్పుడు ప్లస్ ప్లస్ అని ఉందేమో చూడండి. అంటే 10 శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ అదనం. 100 డాలర్ల గది 119 డాలర్ల 90 సెంట్లు అవుతుంది. ఒక సైట్‌లో ఇవి కలిపి, ఇంకో సైట్‌లో కలపకుండా చూపిస్తే ఏది చవకో తెలియక తికమకపడతారు.

వైజాగ్ నుంచి స్కూట్ విమానం నేరుగా ఉంది. మేం రాత్రి ఎక్కి తెల్లవారుజామున దిగాం. గది ఇచ్చేది మధ్యాహ్నం. నిద్రలేని పెద్దవాళ్లని అంతసేపు లాబీలో కూర్చోబెట్టడం బాగుండదు. పొద్దున్నే గది ఇవ్వగలరా, దానికెంత తీసుకుంటారు అని అదే మెయిల్‌లో అడిగేయండి. ఇవ్వలేమంటే సామాను హోటల్లో పెట్టి బొటానిక్ గార్డెన్స్‌కి వెళ్లండి, టాక్సీలో దగ్గరే. ఉదయం 5 నుంచే తెరిచి ఉంటుంది, టికెట్ లేదు. మామగారు మన వైజాగ్ బీచ్ రోడ్ వాకింగ్ మానేసిన బెంగ అక్కడ తీర్చుకున్నారు.

తిండి గురించి అమ్మగారికి ధైర్యం చెప్పండి. హోటల్ నుంచి స్కాట్స్ రోడ్‌లో ఆర్చర్డ్‌కి వ్యతిరేక దిశలో నడిస్తే న్యూటన్ స్టేషన్ వస్తుంది. అక్కడ డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే తర్వాతి స్టేషనే లిటిల్ ఇండియా. 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ అనే శాకాహార రెస్టారెంట్ అక్కడే. సెరంగూన్ రోడ్‌లో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, మా అత్తగారు శనివారం అక్కడికి వెళ్లాకే ఆ ఊరు తనకి నచ్చిందన్నారు. గుడ్‌వుడ్‌లో డ్యూరియన్ పండుతో చేసే పఫ్‌లకి చాలా పేరు. సింహాచలం పనసతొనలు ఇష్టంగా తినే మామగారికి ఆ వాసన లెక్కలోకి రాలేదు, అత్తగారు మాత్రం ముక్కు మూసుకుని బయటికి వెళ్లిపోయారు. ఒకటి కొని చూసి, తర్వాత పెట్టె కొనండి.

ఆర్చర్డ్ రోడ్‌లో కొనడం కంటే చూడ్డమే ఎక్కువ జరుగుతుంది, టకషిమాయా లాంటి పెద్ద షాపులో రోజంతా గడిచిపోతుంది. బంధువులకి పంచడానికి చాక్లెట్లు, సెంట్లు, చిన్నచిన్న ఎలక్ట్రానిక్స్ అయితే లిటిల్ ఇండియా దగ్గరి ముస్తఫా సెంటర్‌కి వెళ్లండి, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఉంటుంది. ఎక్కడ కొన్నా ఒక షాపులో 100 సింగపూర్ డాలర్లు దాటితే పాస్‌పోర్ట్ చూపించి టూరిస్ట్ రీఫండ్ అడగండి, జీఎస్టీలో చాలా భాగం వెనక్కి వస్తుంది. హోటల్ బిల్లుకి, భోజనాలకి ఇది వర్తించదు. కొన్నవి పెద్ద బ్యాగుల్లో సర్దేస్తే, చాంగి ఎయిర్‌పోర్ట్‌లో ఆ బ్యాగులు విమానం కౌంటర్‌లో ఇచ్చెయ్యకముందే రీఫండ్ మెషిన్ దగ్గర పని పూర్తి చేయాలి. వస్తువులు చూపించమని అడిగే అవకాశం ఉంది, కాబట్టి వాటిని బ్యాగులో పైనే పెట్టుకుని, ఓ గంట ముందుగా బయల్దేరండి.