బైకుకు సీల్డ్ బ్యాటరీ మార్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్న ఇది: ఆరేళ్ల నాటి 150 సీసీ బండికి ఉదయం పూట సెల్ఫ్ అందుకోవడం లేదు, బ్యాటరీ పోయిందనీ, ఈసారి సీల్డ్ బ్యాటరీ (నీళ్లు పోసే పని లేకుండా మూసేసి ఉండేది), అదీ కొంచెం ఎక్కువ ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం) ఉన్నది వేయిద్దామనీ మెకానిక్ అంటున్నాడు, ఏ కంపెనీది కొనాలి, ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతోంది కాబట్టి అక్కడే తెప్పించుకోవచ్చా? నా బండికీ, మా తమ్ముడి బుల్లెట్‌కీ, ఇంట్లో ఉన్న స్కూటర్‌కీ బ్యాటరీలు నేనే కొని నేనే బిగిస్తూ వస్తున్నాను కనుక అనుభవం మీద కొన్ని మాటలు చెప్పగలను. కంపెనీ ఏదన్నది వీటన్నిటిలో ఆఖరున తేల్చుకోవలసిన విషయం. పాత బ్యాటరీ నిజంగా పోయిందా, పోతే దాన్ని చంపినది వయసా లేక మీ బండేనా అన్నది ముందు తేలాలి.

ఇందుకు కావలసిందల్లా ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్. రాత్రంతా బండి ఆపి ఉంచి, ఉదయాన్నే తాళం తిప్పకముందే బ్యాటరీ రెండు టెర్మినల్స్ మధ్య వోల్టేజి చూడండి. నిండుగా చార్జ్ అయిన సీల్డ్ బ్యాటరీ 12.8 వోల్టులో, కొంచెం పైనో చూపిస్తుంది, 12.4 దగ్గర ఉంటే చెప్పుకోదగినంత దిగినట్టు. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అయినట్టు. తర్వాత మీటరు పుల్లలు అలాగే ఆనించి ఉంచి, ఎవరినైనా సెల్ఫ్ నొక్కమనండి. ఇంజన్ తిరిగే ఆ క్షణంలో అంకె 9.6 కంటే కిందికి జారిపోతే, అది కూడా ముందే నిండుగా చార్జ్ చేసి చూసినప్పుడు జారితే, బ్యాటరీ పని అయిపోయినట్టే. 12.6 చూపిస్తూ కూడా సెల్ఫ్ నొక్కగానే రిలే దగ్గర టకటకమని శబ్దం మాత్రమే వస్తే, లోపల ఏదో ఒక సెల్ బలహీనపడి ఉండవచ్చు, లేదా టెర్మినల్ బోల్టు వదులై ఉండవచ్చు. రెండోదానికి ఖర్చు ఏమీ లేదు కాబట్టి ముందు దాన్నే చూడాలి.

అసలు పరీక్ష ఇంకా మిగిలి ఉంది. ఎలాగో ఒకలా బండి స్టార్ట్ చేసి, కాస్త రేజ్ చేసి పట్టుకుని మళ్లీ టెర్మినల్స్ మధ్య వోల్టేజి చూడండి. సుమారు 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగ్ సరిగా ఉన్నట్టు. రేజ్ చేసినా 13 దాటకపోతే స్టేటర్ కాయిల్ (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది), రెక్టిఫైయర్ (ఆ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చేది), వాటి మధ్య కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు), వీటిలో ఎక్కడో లోపం ఉంది. అటువంటి బండిలో ఎంత ఖరీదైన కొత్త బ్యాటరీ వేసినా కొద్ది వారాల్లో మళ్లీ ఇదే ప్రశ్న అడగవలసి వస్తుంది. 15 దాటిపోతే అది ఇంకా చెడ్డ సూచన. పాత తరహా నీళ్ల బ్యాటరీ అయితే ఓవర్‌చార్జ్ అయి నీరు తగ్గినా డిస్టిల్డ్ వాటర్ పోసి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. సీల్డ్ బ్యాటరీకి ఆ అవకాశం లేదు: లోపల పుట్టిన వాయువు వాల్వు గుండా ఒకసారి బయటికి పోయిందంటే ఆ నీరు తిరిగి రాదు, పోయడానికి దారీ లేదు.

మా తమ్ముడి బుల్లెట్‌కు వరుసగా బ్యాటరీలు మారుస్తూ పోయారు, ప్రతిసారీ తప్పు బ్యాటరీ మీదికే పోయింది. చివరికి పక్క ప్యానెల్ విప్పి రెక్టిఫైయర్ నుంచి వచ్చే తెల్ల ప్లాస్టిక్ కప్లర్‌ను లాగి చూస్తే, ఒక పిన్ చుట్టూ ప్లాస్టిక్ కాలి గోధుమ రంగుకు తిరిగి, పిన్ వేలితో కదిపితే ఊగుతోంది. బండి వేడెక్కినప్పుడల్లా ఆ చోట కనెక్షన్ తెగుతోంది, చార్జింగ్ ఆగిపోతోంది. కప్లర్ మార్చిన తర్వాత పాత బ్యాటరీయే మళ్లీ నిలబడింది. కాబట్టి మీ మెకానిక్ మాట కాదనడం లేదు గానీ, మీటరు పెట్టి చూపించమని అడగండి. అడిగినందుకు చిరాకు పడే మెకానిక్ దగ్గర బ్యాటరీ కొనకపోవడమే మేలు.

మీ బండికి అలారం, జీపీఎస్ ట్రాకర్, మొబైల్ చార్జర్ వంటివి తరువాత తగిలించి ఉంటే మరొక్క పరీక్ష ఉంది. తాళం తీసేసి, నెగటివ్ వైరు విప్పి, ఆ వైరుకూ నెగటివ్ టెర్మినల్‌కూ మధ్య మల్టీమీటర్‌ను కరెంటు కొలిచే స్థానంలో పెట్టండి. మొదట పెద్ద ఆంపియర్ల రేంజిలో పెట్టి, తక్కువగా ఉందని చూసుకున్నాకనే చిన్న రేంజికి మార్చండి. కొద్ది మిల్లీ ఆంపియర్లు పోతుంటే అది బండి స్పీడోమీటరులోని గడియారం వంటివి తినేది, పట్టించుకోనక్కరలేదు. పదుల మిల్లీ ఆంపియర్లు పోతుంటే మాత్రం చిన్న బ్యాటరీని అది కొద్ది రోజుల్లో ఖాళీ చేస్తుంది. ఈ కొలత జరుగుతున్నంతసేపు తాళం ఆన్ చేయకండి, మీటరు ఫ్యూజు పోతుంది.

ఇవన్నీ చూశాక కూడా బ్యాటరీయే మార్చాలని తేలితే, సీల్డ్ తీసుకోవడం మంచి నిర్ణయమే. వీటిలో ఆసిడ్ ద్రవంగా ఊగిసలాడదు. ప్లేట్ల మధ్య పెట్టిన సన్నని గాజు పీచు మ్యాట్ దాన్ని పీల్చుకుని ఉంటుంది, అందుకే ఏజీఎం (అబ్సార్బ్డ్ గ్లాస్ మ్యాట్) అంటారు. చార్జింగ్ సమయంలో పుట్టే ఆక్సిజన్ ఆ మ్యాట్ గుండానే అవతలి ప్లేటుకు చేరి మళ్లీ నీరుగా మారుతుంది కనుక నీళ్లు పోసే పని ఉండదు, నీళ్ల బ్యాటరీకిలా పైపు గుండా ఆసిడ్ కారి చెయిన్ మీదా ఫ్రేము మీదా పడి పెయింటు లేచిపోయే బాధా ఉండదు. అయితే మీ బండిలో ఇప్పటిదాకా ఉన్నది నీళ్ల బ్యాటరీ అయితే, పైన చెప్పిన చార్జింగ్ వోల్టేజి 14.5 దగ్గర ఆగుతోందని తేల్చుకోకుండా సీల్డ్‌కు మారవద్దు.

సైజు దగ్గర చాలామంది పొరబడేది మోడల్ పేరులోని అంకెను ఏహెచ్ అనుకోవడం. వైటీఎక్స్5ఎల్ అని ఉంటే అది 5 ఏహెచ్ కాదు, 4 ఏహెచ్. వైటీఎక్స్7ఎల్ అంటే 6, వైటీఎక్స్9 అంటే 8, వైటీఎక్స్14 అంటే 12. మన కంపెనీలు పెట్టే పేర్లు వేరైనా ఆ అంకెల పోలిక చాలా చోట్ల కనిపిస్తుంది. అందుకే పేరును నమ్మకుండా బ్యాటరీ మీద అచ్చువేసిన ఏహెచ్ చూడండి, బండి మాన్యువల్‌లో రాసినదానితో సరిపోల్చండి. దానికంటే ముఖ్యమైనది పాజిటివ్ టెర్మినల్ ఏ వైపు ఉందన్నది. టెర్మినల్స్ ఉన్న ముఖాన్ని మీ వైపు తిప్పుకుని చూస్తే, పేరు చివర ‘ఎల్’ ఉన్న వైటీఎక్స్7ఎల్‌కు పాజిటివ్ కుడివైపున ఉంటుంది, వైటీఎక్స్9కు ఎడమవైపున ఉంటుంది. అక్షరాన్ని బట్టి ఎడమ అనుకుంటే తిరగబడుతుంది కాబట్టి, పాత బ్యాటరీని విప్పి చేతపట్టుకుని దుకాణానికి వెళ్లడం అన్నిటికంటే సులువు. తప్పు వైపుది తెచ్చుకుంటే వైరు అందదు. లాగి అందించబోయి పొరపాటున ఉల్టా కలిపితే ఫ్యూజుతో పోతే అదృష్టం, రెక్టిఫైయర్, ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండి అయితే ఇంజన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె ఈసీయూ కూడా పోవచ్చు.

ఎక్కువ ఏహెచ్ వేయిద్దామన్న సలహా నాకు నచ్చలేదు. ట్రేలో పట్టేంత కొలతల్లో ఒకటో అరో ఏహెచ్ ఎక్కువ ఉన్నది దొరికితే నష్టమేమీ లేదు గానీ, లాభం కూడా పెద్దగా లేదు. చార్జింగ్‌లో లోపం ఉంటే పెద్ద బ్యాటరీ దాన్ని కొన్నాళ్లు కప్పిపెడుతుంది, అంతే. మరీ పెద్దది పెట్టి పక్క ప్యానెల్ బలవంతంగా మూసినా, మరీ చిన్నది పెట్టి రబ్బరు పట్టీ వదులుగా వదిలేసినా, మన రోడ్ల మీది అదురుకు లోపలి ప్లేట్లు దెబ్బతింటాయి. లిథియం బ్యాటరీల గురించి కూడా మీరు విని ఉంటారు. తేలికే గానీ ధర చాలా ఎక్కువ, రోజూ ఆఫీసుకు పోయే బండికి అవసరం లేదు.

ఇక కంపెనీ. ఎక్సైడ్, ఆమరాన్ రెండూ నేను వాడాను, రెండింటిలో ఒకటి గొప్పదనీ మరొకటి తక్కువదనీ చెప్పలేను. ఎస్ఎఫ్ సోనిక్ కూడా ఎక్సైడ్ వాళ్లదే. ఆమరాన్ చేసే అమరరాజా తిరుపతి పక్కన కరకంబాడిలో మొదలైన సంస్థ కావడంతో మనవాళ్లకు దాని మీద కాస్త మొగ్గు ఉంటుంది, నాకూ ఉంది, కానీ బ్యాటరీకి ఆ సంగతి తెలియదు. దానికి తెలిసినది గోడౌనులో ఎన్నాళ్లు పడి ఉన్నానన్నదే. వాడినా వాడకపోయినా బ్యాటరీ తనంతట తానే కొద్దికొద్దిగా దిగిపోతుంది, మన ఎండల్లో ఇంకా త్వరగా దిగుతుంది. దిగి అలాగే ఉండిపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, తర్వాత ఎంత చార్జ్ చేసినా పూర్వపు సత్తువ రాదు. అందుకని తయారీ తేదీ కోడ్‌ను దుకాణదారు చేతనే చదివించుకోండి, మూడు నాలుగు నెలలకు మించినది వద్దనండి, కౌంటరు మీదే మీటరు పెట్టి చూడండి. ఒకసారి నాకు అట్టపెట్టె మీద దుమ్ము ఉన్నదాన్ని తీసి ఇచ్చారు. పెట్టి చూస్తే 12.3. “కొత్తదేనండీ, బండిలో పెట్టి తిప్పితే ఎక్కుతుంది” అన్నాడాయన. ఇంకొకటి చూపించమంటే లోపలి నుంచి మరో పెట్టె తెచ్చాడు, అది 12.9 చూపించింది. ధర రెండింటికీ ఒకటే.

కొన్ని రకాలు పొడిగా వస్తాయి, ఆసిడ్ సీసాల పట్టీ విడిగా ఉంటుంది. పేరు చివర బీఎస్ ఉండేవి ఇవే. ఆసిడ్ పోశాక కనీసం అరగంట కదపకుండా ఉంచి, సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో, అంటే 4 ఏహెచ్‌కు 0.4 ఆంపియర్లతో, మొదటి చార్జింగ్ పూర్తి చేయాలి. రద్దీలో ఉన్న దుకాణాలు ఈ మొదటి చార్జింగ్ ఎగ్గొట్టి చేతికిచ్చేస్తుంటాయి, అలాంటి బ్యాటరీ దాని పూర్తి సామర్థ్యాన్ని ఎప్పటికీ అందుకోదు. సాయంత్రం ఇచ్చేసి మర్నాడు తీసుకుంటానని చెప్పండి. కారు చార్జర్‌కు తగిలిస్తే మాత్రం ఒప్పుకోవద్దు. ఫ్యాక్టరీలోనే ఆసిడ్ నింపి చార్జ్ చేసి వచ్చే రకం తీసుకుంటే ఈ గొడవే ఉండదు, నేను అవే కొంటాను.

ఆన్‌లైన్‌లో మిగిలే డబ్బు ఎంతో చూసుకోండి, అందులోంచి పాత బ్యాటరీకి దుకాణంలో తగ్గించే మొత్తాన్ని తీసేయండి. తేడా చాలాసార్లు మాయమవుతుంది. పైగా అక్కడ తయారీ తేదీ చూసి ఎంచుకునే వీలు లేదు, వారంటీకి మళ్లీ ఊళ్లోని డీలరు దగ్గరికే పోవాలి. బిల్లు మీద సీరియల్ నంబరు, తేదీ రాయించుకోండి, వారంటీ నమోదు మీ ఫోన్ నంబరుతో అప్పుడే చేయించండి. నెలల లెక్క చూసి మురిసిపోకండి: చాలావాటికి అందులో మొదటి భాగంలోనే ఉచితంగా మార్చి ఇస్తారు, మిగతా కాలం కొత్తదాని ధరలో కొంత తగ్గింపు మాత్రమే. పాతది ఇంట్లో అటక మీద పెట్టకుండా అక్కడే ఇచ్చేయండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదార్లదే.

పాతది తీసేటప్పుడు ముందు నెగటివ్ విప్పాలి, తర్వాత పాజిటివ్; కొత్తది పెట్టేటప్పుడు ముందు పాజిటివ్, తర్వాత నెగటివ్. నెగటివ్ ఇంకా కలిసి ఉండగా పాజిటివ్ మీది స్పానర్ ఫ్రేముకు తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. చిన్న టెర్మినల్స్‌లో చదరపు నట్టు లోపల వదులుగా కూర్చుంటుంది, బోల్టు దానికి అందక ప్రాణం విసిగిస్తుంది. నట్టు కింద చిన్న స్పాంజి ముక్క దూర్చితే అది పైకి లేచి మర సులువుగా పడుతుంది. గట్టిగా బిగించాక పైన వాసెలిన్ పలచగా రాయండి.

ఆ తర్వాత దాన్ని బతికించేది మీ వాడకమే. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు ఇంజన్ నడుస్తున్నంతసేపు హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది కనుక, సందు చివరి కిరాణా కొట్టు దాకా పోయి వచ్చే ప్రయాణాల్లో సెల్ఫ్ తినేసినది పూర్తిగా తిరిగి చేరదు. వారానికి ఒకసారైనా అరగంట ఆపకుండా నడపండి. ఎఫ్ఐ బండి అయితే బ్యాటరీ పూర్తిగా దిగిపోయాక తోసినా స్టార్ట్ కాకపోవచ్చు, ఎందుకంటే పెట్రోలు పంపుకే కరెంటు చాలదు. వేడి వీటికి పెద్ద శత్రువు, రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ఉండేవాళ్లు చెట్టు నీడన పెట్టినా తేడా కనిపిస్తుంది. నెలకు మించి ఊరికి వెళితే నెగటివ్ వైరు విప్పి వెళ్లండి, వచ్చాక సెల్ఫ్ నొక్కే ముందు ఒకసారి మీటరు పెట్టి, 12.4 కంటే తక్కువ ఉంటే బైకు బ్యాటరీల చార్జర్‌తో రాత్రంతా ఎక్కించండి.