ఉమ్మడి ల్యాబ్‌లో అవుట్‌పుట్ రాకపోతే ముందు ఏం చూడాలి?

మీ ప్రశ్న ఇదీ: డిజిటల్ ఎలక్ట్రానిక్స్, ఎంబెడెడ్ రెండూ ఒకే ల్యాబ్‌లో, ఈసీఈ, ఈఈఈ, సీఎస్ఈ బ్యాచ్‌లన్నీ అవే కిట్లు వాడతాయి. డయాగ్రామ్ ప్రకారమే కలిపినా అవుట్‌పుట్ రాదు, టైమ్ అయిపోతుంది, పక్కవాళ్ల రీడింగ్స్ రాసుకుని బయటపడుతున్నారు.

నేను ఘట్‌కేసర్ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో, ఇలాంటి ల్యాబ్‌లోనే కొన్నేళ్లు అసిస్టెంట్‌గా చేశాను. థియరీ రాక ఆగిపోయినవాళ్లు నాకు తక్కువమందే కనిపించారు. అంతకుముందు బ్యాచ్ వదిలేసి వెళ్లినవాటి వల్ల ఆగిపోయినవాళ్లే ఎక్కువ. కాబట్టి మీ సర్క్యూట్‌ను అనుమానించే ముందు టేబుల్ మీదున్న సామాను చూడండి.

మొదట ఐసీలు, అంటే చిప్‌లు. వెళ్లే హడావిడిలో చేతికందిన డబ్బాలో వేసేస్తారు. 7400 (నాండ్ గేట్లు) డబ్బాలో 7402 (నార్ గేట్లు) దొరకడం మా దగ్గర మామూలే. రెండూ 14 పిన్నులవే, పైన నంబరు అరిగిపోయి ఉంటుంది. 7400లో 1, 2 పిన్నులు ఇన్‌పుట్లు, 3 అవుట్‌పుట్. 7402లో 1 అవుట్‌పుట్, 2, 3 ఇన్‌పుట్లు. చూడకుండా కలిపితే డయాగ్రామ్ ఎంత కరెక్టుగా ఉన్నా ఫలితం రాదు. ఐసీ టెస్టర్ చాలా కాలేజీల్లో ఉంటుంది, కానీ బీరువాలో ఉంటుంది. మొహమాటపడకుండా అడిగి తీయించుకోండి. ఇంకొకటి: సప్లై 14కి, గ్రౌండ్ 7కి అని చేతికి అలవాటైపోతుంది. ఫ్లిప్‌ఫ్లాప్ ఐసీ 7476కి, కౌంటర్ ఐసీ 7490కి సప్లై 5వ పిన్ను. గ్రౌండ్ 7476కి 13, 7490కి 10.

తరువాత మల్టీమీటర్. ఒకసారి ఒక అమ్మాయి 7490తో కౌంటర్ కలిపింది. డిస్‌ప్లే 9 దగ్గరే నిలబడిపోయింది. ఐసీ మార్చింది, కిట్ మార్చింది, అదే 9. మీటర్ పెట్టి 6, 7 పిన్నులు చూడమన్నాను. సుమారు 1.5 వోల్టులు చూపించింది. టీటీఎల్‌లో, అంటే ఈ 74 సిరీస్ ఐసీల్లో, 0.8 లోపు ఉంటే లో, 2 దాటితే హై, 1.5 అంటే ఆ పిన్నుకు వైరే లేదన్నమాట. వదిలేసిన ఇన్‌పుట్‌ను టీటీఎల్ హైగానే తీసుకుంటుంది. ఆ రెండు పిన్నులూ హైగా ఉంటే 7490 తొమ్మిదికి సెట్ అయి కూర్చుంటుంది. రెండింటినీ గ్రౌండ్ చేయగానే కౌంట్ మొదలైంది. ఆ అమ్మాయి మొహంలో వెలుగు చూడాలి! పక్కవాళ్ల రీడింగ్స్ రాసుకుని ఉంటే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. అందుకే అవుట్‌పుట్ రాకపోయినా ఏ పిన్నులో ఎంత వోల్టేజ్ ఉందో అబ్జర్వేషన్‌లో రాయండి. వైవాలో దాని గురించి అడిగితే చెప్పడానికి మీ దగ్గర సొంత మాట ఉంటుంది.

ఎంబెడెడ్ బోర్డుల్లో పాత బ్యాచ్ ప్రోగ్రామ్ అలాగే ఫ్లాష్‌లో ఉండిపోతుంది. ముందు చిన్న ఎల్ఈడీ బ్లింక్ ఎక్కించి చూడండి, అది ఆడితేనే మీ కోడ్ జోలికి వెళ్లండి. ఎస్‌టీఎం32 బోర్డు ప్రోగ్రామర్‌కు కనెక్ట్ కాకపోతే వెంటనే "బోర్డు పోయింది" అని పక్కన పెట్టేస్తారు. పాత కోడ్ డీబగ్ పిన్నులను (ప్రోగ్రామర్ బోర్డుతో మాట్లాడే పిన్నులు) వేరే పనికి వాడుకుని ఉండొచ్చు. ప్రోగ్రామర్ సాఫ్ట్‌వేర్‌లో "కనెక్ట్ అండర్ రీసెట్" పెట్టి చూడండి. చాలాసార్లు బతికేస్తుంది. ఈఎస్‌పీ32 మాత్రం 3.3 వోల్టుల బోర్డు. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్ ఎకో పిన్ను 5 వోల్టులు ఇస్తుంది, నేరుగా కలపకండి. ఎకో వైపు 1 కిలో ఓమ్, గ్రౌండ్ వైపు 2 కిలో ఓమ్ రెసిస్టర్లు పెట్టి, వాటి మధ్య నుంచి బోర్డుకు తీసుకోండి.

వీలైతే ముగ్గురు నలుగురు కలిసి హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే గుజరాతీ గల్లీకి వెళ్లి సొంత బ్రెడ్‌బోర్డు, సింగిల్ స్ట్రాండ్ వైర్లు, ల్యాబ్‌లో వాడే ఐసీలు, కొన్ని 104 (0.1 మైక్రోఫారడ్) కెపాసిటర్లు తెచ్చుకోండి. ప్రతి ఐసీ సప్లైకీ గ్రౌండ్‌కీ మధ్య ఒక 104 పెడితే కౌంటర్ల పిచ్చి గెంతులు చాలావరకు తగ్గుతాయి. కాలేజీ బ్రెడ్‌బోర్డులు లూజైపోయి ఉంటాయి, వాటితో కుస్తీ పట్టి టైమ్ పోగొట్టుకోవద్దు.

ఐసీ పోయిందని తేలితే దాన్ని మళ్లీ డబ్బాలో వేయకండి. ఒక పిన్ను వంచేసి ల్యాబ్ అసిస్టెంట్ చేతికివ్వండి.