పందుల మీద పరిశోధన సరే, నాన్నగారి బరువు సంగతేంటి?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు, హిందూపురంలో ఉంటారు. ఆరు నెలల కిందట షుగర్ బయటపడింది. ఈ మధ్య 8 కిలోల దాకా తగ్గారు. పైకడుపులో నొప్పి, వీపులోకి పాకుతోంది అంటారు. గ్యాస్ అనుకుని మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వాడుతున్నాం. మా పెదనాన్న క్లోమ (పాంక్రియాస్) క్యాన్సర్‌తో పోయారు, అందుకే టెన్షన్. అమెరికాలో పందులకు ఈ క్యాన్సర్ తెప్పించి మందు కనిపెడుతున్నారని చదివాను. అది బెంగళూరులో దొరుకుతుందా?
- ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: దొరకదండీ. మీరు చదివింది బహుశా ఆంకోపిగ్ అనే, క్యాన్సర్ పరిశోధన కోసం తయారుచేసిన పంది గురించి. ఇల్లినాయ్ యూనివర్సిటీ బృందం 2015లో దాని వివరాలు ప్రకటించింది. మార్పు చెందిన కేఆర్ఏఎస్, టీపీ53 జన్యువులను పందిలో పెట్టి, కావలసిన అవయవంలో వాటిని పనిచేయించి గడ్డ తెప్పిస్తారు. మనుషుల క్లోమ క్యాన్సర్లలో సుమారు నూటికి తొంభైలో ఈ కేఆర్ఏఎస్ మార్పే ఉంటుంది. ఎలుకల్లో ఇలాంటి మోడల్ 2005 నుంచే ఉంది, కానీ పాతిక ముప్పై గ్రాముల ఎలుకలోకి మనకు వాడే ఎండోస్కోప్ ఎలా పోతుంది? పంది సైజులో మనకు దగ్గర కాబట్టి మనకు వాడే సీటీ, స్కోపు, సూది అన్నీ దాని మీద పరీక్షించి చూడొచ్చు. (ఒకప్పుడు మన షుగర్ పేషెంట్లు వాడిన ఇన్సులిన్ కూడా పందులు, పశువుల క్లోమాల నుంచి తీసిందే.) అయినా పందిలో తెప్పించిన గడ్డ మనిషి జబ్బుకు అచ్చు నకలేమీ కాదు, అక్కడ బాగా పనిచేసింది ఇక్కడికి రావడానికి ఏళ్లు పడుతుంది. కొత్త మందును మనుషుల మీద పరీక్షించే ఏ ట్రయల్‌లో చేరాలన్నా ముందు జబ్బేంటో తేలాలి కదా, మీరింకా ఆ పనే చేయలేదు.

నాకు భయం వేసింది మీరు మామూలుగా రాసేసిన ఆ 8 కిలోల దగ్గర. యాభై దాటాక కొత్తగా షుగర్ వచ్చినవాళ్లలో తర్వాతి మూడేళ్లలో ఈ క్యాన్సర్ బయటపడేది నూటికి ఒకరికి అటూ ఇటూ, కాబట్టి షుగర్ అనగానే హడలిపోనక్కర్లేదు. షుగర్ అదుపులో లేకపోయినా బరువు తగ్గుతారు, పాత క్లోమం వాపు ఉన్నా ఇలాగే ఉండొచ్చు. మనిషిని చూడకుండా ఇదీ అని నేను చెప్పలేను. కానీ కొత్త షుగర్, బరువు తగ్గడం, వీపులోకి పాకే నొప్పి, పైగా సొంత అన్నకు అదే జబ్బు, ఇవన్నీ ఒకే మనిషిలో కలిస్తే నేనైతే ఈ వారమే స్కాన్ చేయిస్తాను.

గ్యాస్ మాత్రలు ఎన్నాళ్లుగా వాడుతున్నారో మీరు రాయలేదు. నెలలు అయ్యుంటుందని నా అనుమానం. నా ఓపీకి వచ్చేవాళ్లలో ఎంతోమంది ప్లాస్టిక్ కవర్ నిండా ఖాళీ షీట్లు పట్టుకొస్తారు, షాపతను ఒకటి మార్చి ఒకటి ఇస్తూ పోయాడు, వీళ్లు మింగుతూ పోయారు, ఈలోగా ఆపరేషన్ చేయగలిగే సమయం కాస్తా దాటిపోయింది. చదువుకున్నవాళ్లు, అమెరికా పరిశోధనలు వెతికి చదివేవాళ్లు, మీరు కూడా ఇలా చేస్తే ఎలాగండీ? కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, మలం తెల్లగా పాలిపోయినా, ఒళ్లంతా దురద పెట్టినా పసరు మందుకు తీసుకెళ్లకండి, అదే రోజు ఆసుపత్రికి రండి.

ల్యాబ్‌కి వెళ్లి ఈ క్యాన్సర్ కోసం చేసే సీఏ 19-9 అనే రక్తపరీక్ష మాత్రం చేయించుకుని నార్మల్ అని ఊరుకోకండి. కొందరి ఒంట్లో ఆ పదార్థం అసలు తయారే కాదు, కామెర్లున్నా పెరుగుతుంది. మామూలు అల్ట్రాసౌండ్‌లో పేగుల్లోని గాలి అడ్డొచ్చి క్లోమం సరిగ్గా కనబడకపోవచ్చు. నాన్నగారిని ఇక్కడికి పిలిపించుకుని గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు చూపించండి, క్లోమం కోసం ప్రత్యేకంగా, నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి చేసే సీటీ గురించి అడగండి. అందులో అనుమానం వస్తే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో, అంటే నోటి ద్వారా పంపే స్కోపుతో, ముక్క తీసి చూస్తారు. క్యాన్సర్ అని తేలి ఖర్చు భారమైతే హోసూరు రోడ్డులో కిద్వాయ్ ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కాంట్రాస్ట్‌కి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు ఉండాలి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ మాట స్కానింగ్ వాళ్లకు ముందే చెప్పండి, ఆపాలా వద్దా వాళ్లు చెబుతారు.