కరెంటు పోయాక ఉబుంటులో ఏదీ ఇన్‌స్టాల్ కావట్లేదా? లాక్ ఫైల్ చెరపకండి

కావలి ఊళ్లోని ఒక కంప్యూటర్ ల్యాబ్‌లో ఉబుంటు (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయిందని, ఆ తర్వాత ఏదీ ఇన్‌స్టాల్ కావట్లేదని, లాక్ ఫైల్ చెరిపేయాలా అని ఒకరు అడిగారు. అక్కడ జరిగింది ఇది: కొన్ని ప్యాకేజీలు (ఇన్‌స్టాల్ చేసే సాఫ్ట్‌వేర్ కట్టలు) కాన్ఫిగర్ కాకుండా సగంలో ఆగిపోయాయి.

లాక్ ఫైల్ అంటే రెండు ప్రోగ్రాములు ఒకేసారి ప్యాకేజీలను మార్చకుండా ఆపేది. దానిది తప్పు కాదు. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. రీబూట్ చేస్తే ఫైల్ ఉన్నా, దానిమీదున్న పాత లాక్ దానంతటదే పోతుంది. ఆ తర్వాత కూడా లాక్ అంటోందంటే, వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తూ ఉండొచ్చు. అయిపోయేదాకా ఆగండి. చాలామంది ఇక్కడే తొందరపడి ఫైల్ తీసేస్తారు. రెండు ప్రోగ్రాములు ఒకేసారి రాస్తే ప్యాకేజీల డేటాబేసే పాడవుతుంది.

తర్వాత టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే విండో) ఈ ఆదేశాలను ఇంగ్లీషు అక్షరాల్లో వరుసగా కొట్టండి (సుడో అంటే sudo, డీపీకేజీ అంటే dpkg, ఆప్ట్ అంటే apt):

1. సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ (--configure -a, చిన్నక్షరం ఏ)
2. సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్ (--fix-broken install)
3. సుడో ఆప్ట్ అప్‌డేట్, ఆ వెనకే సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్

మొదటిది డిస్కులో చోటు లేదని ఆగితే, సుడో ఆప్ట్ క్లీన్ కొట్టి మళ్లీ అదే నడపండి.